ఎత్తుకొచ్చిన పొగాకు

నా కొలువు ఏమిటో మా అవ్వకు చివరిదాకా అర్థం కాలేదు. "పోలీసా?" అని అడిగేది. కాదనేవాణ్ణి. "రెవిన్యూనా?" అదీ కాదనేవాణ్ణి. "మరేందిరా, ఖాకీ గుడ్డలేసుకోని ఊళ్ల మీద పడి తిరగతాండావు?" అనేది. పొగాకు మీద పన్ను ఎగ్గొట్టేవాళ్లను పట్టుకుని, విచారణ చేసి, కేసు కట్టే ఉద్యోగమనీ, జీతం ఇచ్చేది మద్రాసు సర్కారు కాదు, ఢిల్లీ సర్కారనీ ఒకరోజు కూర్చోబెట్టి విడమరిచి చెప్పాను. ఆమె అంతా విని, "ఢిల్లీవోళ్లకు మన పొగాకు మీద ఇంత కక్షేందిరా?" అనింది. వక్కాకులో పొగాకు కాడ లేనిదే ఆమెకు పొద్దు గడిచేది కాదు. ఆ రోజు నుంచి నేను ఇంటికి వచ్చినప్పుడల్లా వక్కాకు సంచి కనపడకుండా దాచేది.

అవ్వనే అనుకోవడం ఎందుకు, ఆ ప్రాంతంలో ఎవరికీ మా సంగతి సరిగా తెలియదు. పన్ను యుద్ధకాలంలో వచ్చింది. యుద్ధం పోయింది, తెల్లవాళ్లు పోయారు, పన్ను మాత్రం పోలేదు. తెల్లవాడి పన్నును మనవాళ్లు కూడా వసూలు చేస్తారా అని నన్ను నిలదీసినవాళ్లు ఎంతమందో. నాకు ముక్కు మీద కోపం. మొదట్లో అందరితో వాదన పెట్టుకునేవాణ్ణి. తర్వాత తర్వాత, అడిగినవాళ్లకు అవునని చెప్పి సైకిలెక్కడం నేర్చుకున్నాను.

మా ఆఫీసు ఆత్మకూరులో ఒక అద్దె మేడ మీద ఉండేది. తిరగవలసిందల్లా ఉదయగిరి వైపు. ఉదయగిరి దాకా బస్సు, అక్కడి నుంచి సైకిలు, సైకిలు పోనిచోట ఎద్దులబండి, బండి కూడా పోనిచోట కాళ్లు. చట్టం చెప్పడానికి చిన్నదే. రైతు పండించిన ఆకు లైసెన్సున్న గోడౌనుకు చేరాలి. అక్కడ మా తాళం ఒకటి, గోడౌను ఆసామి తాళం ఒకటి పడతాయి. పన్ను కట్టాకనే ఆకు బయటికి కదలాలి. రైతు తన ఇంటి వాడకానికి కొంచెం ఆకు ఉంచుకోవచ్చు, దానికి పన్ను లేదు. ఈ చివరి వాక్యం రైతులకు చెప్పేవాళ్లు తక్కువ. నేను చెప్పేవాణ్ణి. అందుకే కాబోలు, నన్ను చూసి పారిపోయేవాళ్లు కాస్త తక్కువగా ఉండేవాళ్లు.

నేను పుట్టింది ఆత్మకూరు, కలువాయి మధ్య ఒక పల్లెలో. మా పై అధికారిది గోదావరి ఒడ్డు. కొత్తగా బదిలీ మీద వచ్చాడు. నిక్కచ్చి మనిషి. ఎక్కడికి పోయినా మరచెంబుతో నీళ్లు తెచ్చుకునేవాడు, విచారణకు పోయిన ఊళ్లో మజ్జిగ కూడా ముట్టేవాడు కాదు. ఆయన దగ్గర లంచమనే మాట ఎత్తడానికే భయపడేవాళ్లు. నాకు ఆయనంటే గౌరవం, ఆయనకు నేనంటే ఇష్టం. చిక్కల్లా మా భాష దగ్గర వచ్చేది. "ఉండాది ఏమిటయ్యా, ఉండాది? వింటుంటే అన్నంలో రాయి తగిలినట్టుంది," అనేవాడు. "మీ మాటల్లో అండీలు తీసేస్తే మిగిలేది సగమే కదా సార్," అనేవాణ్ణి నేను. నవ్వేవాడు. కానీ తెలుగంటే తన ఊరి తెలుగేనని, మిగతావాళ్లం దాన్ని పాడుచేసి వాడుకుంటున్నామని ఆయన మనసులో గట్టిగా ఉండేది.

విచారణకు ఆయన పెట్టిన నియమం ఒకటుంది. అడిగేవాడు ఒక్కడే అడగాలి, పక్కనున్నవాళ్లు నోరు మూసుకోవాలి. సాక్షికి మాట అందించకూడదు. "అలా కాదు, ఇలా కదా జరిగింది" అన్నామంటే, ఇక ఆ మనిషి చెప్పేది మన మాటే తప్ప తన మాట కాదు. పక్కనున్నవాడికి ఏదైనా అనుమానం వస్తే తనకు ఇంగ్లీషులో చెప్పాలి, సాక్షికి అర్థం కాకుండా. మంచి నియమమే. ఆ కొలువులో ఉన్నన్నాళ్లూ నేనూ అదే పాటించాను. అయితే ఆ నియమం తలుచుకుంటే నాకు గుర్తొచ్చేది మాత్రం ఒకే ఒక్క మనిషి.

తుంగభద్ర కట్ట పని జోరుగా జరుగుతున్న రోజులవి. మెట్ట ఊళ్ల మగవాళ్లు సగానికి సగం అక్కడికే కూలికి పోయేవాళ్లు. ఎండాకాలంలో ఒకరోజు ఉదయగిరి గోడౌను తనిఖీకి పోయాం. తాళాలు రెండూ సరిగానే ఉన్నాయి. లోపల మాత్రం పొగాకు బేళ్లు లెక్కకు తగ్గాయి. వెనక పక్క కప్పు మీద పెంకులు కదిలించి ఉన్నాయి. గోడౌను షావుకారు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. మర్యాదస్తుడు, మెత్తటి మాటవాడు. మా అధికారిని పక్కకు పిలిచి గొంతు తగ్గించి చెప్పాడు.

"పేదోళ్లు సామీ, ఏం చేస్తారు, ఆశ. పొగాకు ఈనెలు తీసే కూలికి ఒకామె వస్తా ఉండాది, సీతారామపురం దోవలో ఆమె ఊరు. ఆమింట్లో ఒకసారి చూడండి. నా పేరు మాత్రం బయటికి రానీయొద్దు."

ఆ మధ్యాహ్నమే బండి కట్టించుకుని పోయాం. దోవ పొడుగునా ఎర్రనేల, గుండ్రాళ్లు, ఎండిపోయిన చెరువొకటి. ఊరి చివర పూరిల్లు. ఆమెకు యాభై ఏళ్ల లోపే ఉంటాయి, పొట్టిగా, బక్కగా ఉంది. మొగుడు తుంగభద్రకు పోయాడు, పిల్లలు లేరు, మంచాన పడిన అత్త ఉంది. ఇంటి వెనక చిన్న పందిరి మీద నాటుపొగాకు ఆరేసి ఉంది. ఊరి బయట ఉన్న చేని ముక్కలో ఆమె చేత్తో నీళ్లు పోసి పెంచిన ఆకు అది. ఆ ఇంటికి ఏడాది తిండి ఆ పందిరి మీదే ఉంది.

మమ్మల్ని చూసి ఆమె బెదరలేదు. "చూసుకోండి నాయనా, ఏముండాది దాచేదానికి," అని తడిక తీసి నిలబడింది. అటక మీద ఈతచాపలో చుట్టిన పొగాకు మూట దొరికింది. పెద్దది కాదు, ఒక మనిషి నెత్తిన పెట్టుకుని నడవగలిగినంత. మా అధికారి దాన్ని బండిలో పెట్టించి, మర్నాడు పొద్దున గోడౌను దగ్గరికి రమ్మని ఆమెకు చెప్పాడు.

బండిలో తిరిగి వస్తూ నేను లెక్కలన్నీ మనసులో వేసుకుంటూ కూర్చున్నాను. కేసయితే మూటతో పోదు. దొంగ ఆకూ పందిరి మీది ఆకూ కలిసిపోయాయని పందిరంతా జప్తు చేస్తారు. ఆత్మకూరు కోర్టు చుట్టూ తిరగాలి. దొంగ అని పేరు పడితే ఏ గోడౌనులోనూ ఈనెలు తీసే కూలి దొరకదు. ఒక్క మూటతో ఆ ఇల్లు మొత్తం కూలిపోతుంది. అయినా ఆమె మొహంలో తప్పు చేసిన జాడ లేదు. అలాంటి మొహాలను నమ్మి మోసపోయిన సందర్భాలూ నాకున్నాయి.

మర్నాడు ఆమె పొద్దున్నే నడిచి వచ్చింది. తలకు చమురు రాసి నున్నగా దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని ఉంది. గోడౌను అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఎదురుగా మూట. అరుగుకు ఆ కొసన షావుకారు, ఈ కొసన కుర్చీలో మా అధికారి, పక్కన నేను.

"ఈ మూట నీ ఇంట్లో దొరికింది, అవునా?" అన్నాడు మా అధికారి.

"అవును సామీ."

"అది నీ ఇంట్లోకి ఎలా వచ్చింది?"

"ఎట్ట వచ్చేది? నేనే ఎత్తుకొచ్చినాను."

ఆయన రాస్తున్న కలం ఆపాడు. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని ఆయన అనుకున్నట్టు లేదు. "నువ్వేనా?" అన్నాడు మళ్లీ.

"నేనే. ఇంట్లో ఇంకెవురుండారు? మొగోడు తుంగభద్రకు పాయ."

"ఎవరైనా చెప్పి చేయించారా?"

"ఎవురు చెప్పాల? నా అంతట నేనే ఎత్తుకొచ్చినాను," అంది ఆమె. అంటున్నప్పుడు గొంతులో గర్వం కూడా ఉంది.

మా వైపు ఎత్తుకురావడమంటే తేవడం. అంతే. చెంబుతో నీళ్లు ఎత్తుకొస్తాం, అంగడి నుంచి ఉప్పు ఎత్తుకొస్తాం, పెళ్లికి పోయి తాంబూలం ఎత్తుకొస్తాం. మా నాయన నన్ను బడికి పంపేటప్పుడు పలక ఎత్తుకోని పొమ్మనేవాడు. గోదావరి మనిషి చెవికి అదే మాట వేరుగా వినిపిస్తుంది. అక్కడ ఎత్తుకుపోయేవాడు దొంగ. ఎత్తుకొచ్చిన సొమ్ము దొంగసొమ్ము. ఆమె "నేనే తెచ్చుకున్నాను" అంది. ఆయన "నేనే దొంగిలించాను" అని విన్నాడు.

నేను ఇంగ్లీషులో చెప్పాను, ఆమె అన్న మాటకు ఇక్కడ ఆ అర్థం కాదు అని. ఆయన నా వైపు తిరిగి, తనకు తెలుగు వచ్చునని ఇంగ్లీషులోనే అన్నాడు. నాకు కోపం నషాళానికెక్కింది. గొంతు పెంచి మళ్లీ చెప్పాను. ఈ మాట ఇక్కడ పసిపిల్లలు కూడా అంటారు, ఇందులో దొంగతనం లేదు, ఎక్కడి నుంచి అని అడగండి చాలు, అన్నాను. ఆయన చల్లగా, నువ్వు ఈ ప్రాంతం వాడివి, నీ మనుషుల మీద నీకు జాలి ఉండటం సహజం, ఆ జాలి ఆఫీసులో పనికిరాదు, అన్నాడు.

అప్పుడు ఆమె మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "నేనే సామీ, నేనే ఎత్తుకొచ్చినాను," అంది, ఇంకాస్త గట్టిగా.

ఆయన రాసుకున్నాడు. నేను మళ్లీ వాదించాను, ఈసారి చెయ్యి కూడా ఊపాను. ఆమె గొంతు ఇంకా పెరిగింది. "సత్తె పెమాణకంగా చెప్తాండా. ఈ చేతులతో, ఈ నెత్తి మీద, నేనే ఎత్తుకొచ్చినాను!"

"ఇంకేం కావాలయ్యా?" అన్నాడాయన తెలుగులో. "ప్రమాణం చేసి మరీ ఒప్పుకుంటోంది."

నేను ఎంత వాదిస్తే ఆమె అంత గట్టిగా ఒప్పుకుంటోంది. నాకు ఏడుపొచ్చినంత పనయింది. తెచ్చానని చెప్పమ్మా, చేన్లోంచి అని చెప్పమ్మా, అని ఆమెతో ఒక్క ముక్క అంటే అయిపోయేది. ఆ ఒక్క ముక్కే నేను అనకూడదు. అన్నానంటే, సాక్షికి మాట అందించాడని నా నోటితో నేనే ఆమె కేసును పాడుచేసినట్టవుతుంది. పళ్లు బిగించి షావుకారు వైపు చూశాను. ఆయనకు ఈ భాష నాకన్నా బాగా తెలుసు. ఆయన ఉదయగిరి కొండ మీది కోటగోడను మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నాడు.

ఇంతలో ఎండ అరుగు మీదికి పాకి మా అధికారి మోకాళ్ల మీద పడింది. షావుకారుకు మర్యాద ఎక్కువ అన్నాను కదా. చూసి ఉండలేకపోయాడు. లోపలున్న కాపలావాణ్ణి కేకేశాడు.

"ఒరే, అయ్యోరికి ఎండ కొడతాండాది. లోపలుండే పెద్దకుర్చీ ఎత్తుకరా, నీడన వేద్దాం!"

నాకు ఆ క్షణంలో కలిగిన సంతోషం పెళ్లిలో కూడా కలగలేదు. ఇక ఇంగ్లీషూ గింగ్లీషూ లేదు, సాక్షితో మాట్లాడటమూ కాదు. మా అధికారితోనే, తెలుగులోనే అన్నాను.

"సార్, షావుకారుగారు కుర్చీ దొంగతనం చేయిస్తున్నారు. రాసుకోండి."

ఆయనకు చప్పున అర్థమయింది. మొహం ఎర్రబడింది. అయినా విచారణాధికారి కదా, అనుమానం మిగలనివ్వడు. షావుకారు వైపు తిరిగాడు.

"ఇప్పుడు మీరు వాడితో ఏమన్నారు?"

"కుర్చీ ఎత్తుకరమ్మన్నాను సామీ. తమరికే."

"ఆ కుర్చీ ఎవరిది?"

"నాదే."

"మీ కుర్చీ, మీ గోడౌనులోంచి, మీ మనిషి తెస్తే ఎత్తుకొచ్చినట్టేనా?"

"అంతే గదా సామీ," అన్నాడు షావుకారు. అనేశాక ఆయన మొహంలో రంగు మారింది.

"అయితే ఇందాకటి నుంచి ఈవిడ ఏమంటోందో మీకు తెలుస్తూనే ఉంది," అన్నాడు మా అధికారి. కాపలావాడు కుర్చీ మోసుకొచ్చి, ఎక్కడ దించాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

మా అధికారి ఆ కుర్చీలో కూర్చోలేదు. అరుగు దిగి, ఆమెకు ఎదురుగా నిలబడి, నేను మొదటినుంచీ అడగమన్న ప్రశ్న అడిగాడు.

"ఈ ఆకు ఎక్కడి నుంచి తెచ్చావమ్మా?"

"ఎక్కడి నుంచేంది? మా చేన్లోనించి. మా అత్తకు వక్కాకులోకని కాసింత తీసి పెట్టుకున్నా. అంతమటుకు పెట్టుకోవచ్చునని మీవోళ్లే ఎవురో చెప్పినారంట, ఊళ్లో అనుకుంటాంటే విన్యా."

ఆయన మూట విప్పించి, గోడౌనులో మిగిలిన బేళ్ల ఆకు పక్కన పెట్టి చూశాడు. ఒప్పుకోలు చేతిలో ఉందని అంతవరకూ ఆ పని చేయలేదు. రెండాకులకూ పోలికే లేదు. గోడౌనులోది వెడల్పాటి ఆకు, ఈమెది మెట్టచేని గిడసబారిన ఆకు. రాసిన కాగితం చింపి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఆయన షావుకారును అడగవలసినవన్నీ అడిగాడు. తగ్గిన బేళ్లు కొండ దాటి బద్వేలు వైపు పన్ను లేకుండా పోయాయని, పెంకులు కదిలించింది షావుకారు మనుషులేనని కొన్నాళ్లకు తేలింది. ఆ కేసు మా ఇద్దరికీ మంచి పేరే తెచ్చింది. తర్వాత ఎప్పుడూ మా అధికారి ఉండాది అన్న మాటను ఎగతాళి చేయలేదు. తెలియని మాట వస్తే నా మొహం చూసేవాడు.

ఆ పొద్దున ఆమె మాత్రం వెంటనే లేవలేదు. మూట ముడి వేస్తూ వేస్తూ ఆగి, "కాగితం ఎందుకు చించినాడు? అంతసేపు దేనికి అడిగినారు?" అంది నన్ను. ఇప్పుడు నేను ఆమెతో మాట్లాడవచ్చు. గోడౌను ఆకు నువ్వు దొంగతనం చేశావని అనుకున్నారు, నువ్వన్న మాట ఆయనకు అలా వినపడింది, అని చెప్పాను.

పొద్దున్నుంచీ తనను దొంగగా కూర్చోబెట్టి అడిగారని ఆమెకు అప్పుడే తెలిసింది. తలకు చమురు రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది సర్కారువాళ్లు సాక్ష్యానికి పిలిచారనుకుని. కన్నీళ్లు రాలేదు గాని మొహం వాడిపోయింది.

"నన్నా? దొంగా?" అంది.

"నేను అట్లా అనుకోలేదు పెద్దమ్మా," అన్నాను. "నేను నీ పక్కనే మాట్లాడినాను. ఆయనతో కొట్లాడినంత పని చేసినాను. నువ్వు చూస్తానే ఉండావు గదా."

ఆమె తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

"నువ్వు ఇంగిలీసులో అరస్తాంటివి, నాయనా. నా మీద అరస్తాండావనుకున్నా. ఇంత చిన్న ఆడమనిషి అంత మూట ఎట్ట మోసింది, అబద్ధమాడతాండాదని అంటాండావేమోనని. అందుకే నువ్వు అరిచినప్పుడల్లా నేనే ఎత్తుకొచ్చినానని గట్టిగా చెప్పినా."

ఆమె మూట నెత్తికెత్తుకుని, మెట్లు దిగి, సీతారామపురం దోవ పట్టింది.